నడిచేటప్పుడు ఆలోచించరాదు

మా పురపాలక సంఘం పార్కులో నడకదారి మీద పరిచిన నాపరాళ్ళు మొత్తం రెండు వందల ఆరు. వాటిలో నూట పద్నాలుగోది ఒక పక్కకి కుంగిపోయి నాలుగేళ్ళయింది. కిందటి శ్రావణంలో ఒక రిటైర్డు హెడ్మాస్టరుగారు దాని మీద కాలు పెట్టి బోర్లా పడ్డారు. ముక్కు మీద మూడు కుట్లు పడ్డాయి. ఆయన తమ్ముడు పేపర్లో పనిచేస్తాడు కనుక కమిషనర్‌గారు ఆ సాయంత్రమే అత్యవసర సమావేశం పెట్టారు.

ఆ సమావేశానికి మినిట్సు రాసింది నేనే. ప్రజారోగ్య విభాగంలో సీనియర్ అసిస్టెంటుని. ముప్ఫై ఐదేళ్ళ సర్వీసు. ఇక్కడ నేను చెప్పబోయే ప్రతిదానికీ కాగితం ఉంది, ఆ కాగితం నా దస్తూరీలోనే ఉంది. కాబట్టి ఎవరైనా ఇది కట్టుకథ అంటే నాకు కోపం వస్తుంది.

రాయి మార్చాలంటే ముందు అంచనా తయారు కావాలని, అంచనా పై ఆఫీసుకి వెళ్ళి రావాలని, ఆ తర్వాత టెండరు పిలవాలని ఇంజనీరుగారు సెలవిచ్చారు. అసలు నడకదారి ఇంజనీరింగు విభాగానిదా, తోటల విభాగానిదా అన్నది ఇంకా తేలలేదని కూడా గుర్తుచేశారు. అందరూ నిరాశగా టీ తాగుతుండగా ఆరోగ్యాధికారిగారికి ఒక సంగతి తట్టింది. నాలుగు రోజుల కిందట పైనుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. దాన్ని జిరాక్సు తీసి అందరికీ పంచింది కూడా నేనే. అందులో మొదటి వాక్యం ఇది: "వృద్ధులు నడుస్తూ వేరే సంగతులు ఆలోచించినప్పుడు అడుగు తడబడి పడిపోయే ప్రమాదం ఉన్నట్లు పరిశోధనల్లో తేలింది."

కమిషనర్‌గారు ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివి కళ్ళజోడు తీశారు. "అంటే లోపం రాతిలో లేదన్నమాట" అన్నారు.

గదిలో అందరి మొహాలూ తేటపడ్డాయి. రాయి మార్చడానికి టెండరు కావాలి. ఆలోచన మాన్పించడానికి బోర్డు చాలు. మూడోనాటికల్లా పార్కు గేటుకి బోర్డు వేలాడింది.

"ఇందుమూలముగా యావన్మంది వృద్ధ పౌరులకు తెలియజేయునది ఏమనగా, అరువది సంవత్సరములు నిండినవారు ఈ ఉద్యానవనమునందు నడచునపుడు ఎట్టి ఆలోచనయు చేయరాదు, మాటలాడరాదు. ఆలోచన రహిత నడక పరీక్షయందు ఉత్తీర్ణులైనవారికి మాత్రమే పాసు ఇవ్వబడును. ఆలోచించి పడినవారి పాసు రద్దు చేయబడును."

నన్ను ఆలోచనా పర్యవేక్షకుడిగా వేశారు. పెద్దవాళ్ళ వెనకాల నాలుగడుగుల దూరంలో నడుస్తూ వాళ్ళు ఆలోచిస్తున్నారో లేదో కనిపెట్టి రిజిస్టరులో రాయడం నా పని. నాకూ అరవై దాటాయి కదా, వాళ్ళు ఆలోచిస్తున్నారా అని నేను ఆలోచిస్తూ నడిస్తే నా సంగతేమిటని సందేహం వచ్చి నోటు పెట్టాను. విధి నిర్వహణలో ఉన్న ఉద్యోగికి ఆలోచన వర్తించదని కమిషనర్‌గారు ఆకుపచ్చ సిరాతో రాసిచ్చారు.

పరీక్ష సులువే. ఇరవై రాళ్ళు నడవాలి. నుదురు ముడిపడ్డా, పెదవులు కదిలినా, నిట్టూర్చినా తప్పినట్టు. రిటైర్డు రెవెన్యూ ఉద్యోగులు పదకొండు మంది వచ్చారు, పదకొండు మందీ మొదటిసారే పాసయ్యారు. ఒక ప్లీడరుగారు మాత్రం "నేను ఆలోచించకూడదు" అనుకోవడం ఆలోచన కిందికి వస్తుందా రాదా అని అడ్డం తిరిగాడు. ఆ ప్రశ్నని న్యాయ సలహాదారుకి పంపాం. ఒక ముసలమ్మ నడుస్తూ నడుస్తూ నవ్వింది. ఎందుకని అడిగితే మాగాయలో ఉప్పు వేశానో లేదో గుర్తు రావడం లేదంది. ఆవిణ్ణి ఇంటికి పంపేశాం.

పేచీ అంతా ఏడుకొండలు దగ్గర వచ్చింది.

ఏడుకొండలు ఆర్టీసీలో ముప్ఫై మూడేళ్ళు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఆయన భార్య మాణిక్యమ్మకి ఆరేళ్ళుగా చూపు లేదు. వెలుగుకీ నీడకీ తేడా తెలుస్తుంది, అంతే. రోజూ పొద్దున ఇద్దరూ పార్కుకి వచ్చేవారు. ఆయన ముందు, ఆవిడ వెనక, ఆయన ఎడమ భుజం మీద ఆవిడ కుడి చెయ్యి. ఆయన బస్సులో స్టేజీలు పిలిచినట్టు దారి పొడుగునా పిలుస్తూ నడిచేవాడు. బాదం చెట్టు స్టేజీ, వేరు పైకొచ్చింది, కాలెత్తు. కుళాయి స్టేజీ, తడిగా ఉంది. మధ్యలో పక్కింటివాళ్ళ కబుర్లు, బియ్యంలో పురుగులు, నిన్నటి పులుసు. నూట పద్నాలుగో రాయి దగ్గరికి రాగానే "ఓల్డాన్, గుంట, ఆగి దిగు" అనేవాడు. ఆవిడ దిగాక "రైట్" అనేవాడు. ఆరేళ్ళలో రోజుకి రెండు చుట్లు తిరిగినా ఆవిడ ఒక్కసారి కూడా పడలేదు.

పరీక్షలో నోరు మూసుకుని, ఏమీ అనుకోకుండా నడవమంటే ఏడుకొండలు నాలుగో రాయి మీదే ఎడమ పక్కకి ఒరిగిపోయాడు. ఆరోగ్యాధికారిగారు పట్టుకోకపోతే పడేవాడే. నిలదొక్కుకున్నాక ఏడుకొండలు ఆ అధికారికి నచ్చచెప్పబోయాడు.

"ముప్ఫై మూడేళ్ళు కదిలే బండిలో కడ్డీ పట్టుకోకుండా నిలబడ్డానండీ. ఎక్కినోళ్ళెందరు, దిగేదెవరు అని లోపల లెక్క నడుస్తా ఉంటే కాళ్ళు వాటంతటయ్యే సర్దుకునేయి. ఆ లెక్క ఆపమంటే నాకు నేలే ఆనటంలేదు."

ఆరోగ్యాధికారిగారు ఆయన దరఖాస్తు మీద "అభ్యర్థి ఆలోచనకు బానిస" అని రాసి తిరస్కరించారు.

తర్వాత మాణిక్యమ్మ వంతు. ఆవిడకి చూపు లేదు కనుక నా భుజం మీద చెయ్యి వేసుకుని నడవడానికి అనుమతించాం. ఇరవై రాళ్ళూ నడిచింది. నుదురు నున్నగా ఉంది, పెదవి కదల్లేదు. చివర్న చెయ్యి తీసేస్తూ ఒక్క మాట అంది. "మీ కుడి అడుగు ఈడుస్తది బాబూ, చూపించుకోండి" అని. నాకు చిరాకు వేసింది. అయినా పరీక్ష అయిపోయాక మాట్లాడింది కాబట్టి పాసు ఇచ్చేశాం.

అలా కళ్ళు లేనావిడకి పాసు వచ్చింది, దారి చూపించే ఆయనకి రాలేదు. ఏడుకొండలు అప్పీలు పెట్టుకున్నాడు. భర్త ఆలోచనను భార్య పాసు మీద అనుమతించుటకు నిబంధనలలో వీలు లేదని జవాబిచ్చాం. ఆ జవాబు ముసాయిదా కూడా నాదే, ఒక్క దిద్దుబాటు లేకుండా సంతకమైంది.

మర్నాడు ఆయన భార్యని గేటు దాకా తీసుకొచ్చి లోపలికి పంపాడు. తను బయట రోడ్డు మీద, కమ్మీల పక్కనే, ఆవిడతో సమానంగా నడవడం మొదలుపెట్టాడు. ఇటు ఆటోలు, అటు పాల వ్యాన్లు, వాటి మధ్యనుంచి గొంతు పెంచి బాదం చెట్టు, కుళాయి, గుంట అని పిలుస్తున్నాడు. ఆవిడ ఆ గొంతు పట్టుకుని లోపల నడుస్తోంది. తొమ్మిది రోజులు అలా గడిచింది.

పదో రోజు నాకు మెమో వచ్చింది. పాసు లేని వ్యక్తి గొంతు పార్కులోకి రావచ్చునా అన్న విషయమై నోటు పెట్టమన్నారు. న్యాయ సలహాదారు రెండు పేజీల అభిప్రాయం ఇచ్చారు. గొంతు మనిషిలో భాగమే కనుక అది ప్రవేశించినట్టే లెక్క అన్నారు. అయితే దాన్ని పట్టుకుని బయటికి పంపే అధికారం పురపాలక చట్టంలో కనిపించడం లేదు కాబట్టి ఇతర మార్గాలు చూడమన్నారు. అందుమీదట నడకదారి చుట్టూ ఎనిమిది మైకులు కట్టించారు. తెల్లవారుజామున ఐదు నుంచి ఎనిమిది దాకా అవి ఆపకుండా "నిశ్శబ్దం పాటించండి, ఆలోచించకండి" అని అరుస్తూ ఉండేవి.

అదే వారం కమిషనర్‌గారి చూపు సర్క్యులర్ అడుగున ఉన్న చివరి వాక్యం మీద పడింది. "అలాగే చుట్టూ ఉన్న పరిసరాలు కూడా వృద్ధుల నడకను" అన్నంతవరకే ఉంది. అక్కడితో కాగితం అయిపోయింది. పైవాళ్ళు తొందరలో వాక్యం పూర్తి చేయడం మరిచారని ఆయనే భావం గ్రహించారు. పరిసరాలు చెడగొడతాయన్నమాట. చెడగొట్టేవాటిని తొలగించాలి.

తొలగించడం మొదలైంది. పూలకుండీలు చూస్తే ఇంట్లో మొక్కలు గుర్తొస్తాయి కాబట్టి వాటిని కమిషనర్‌గారి బంగళాకి తరలించారు. బల్ల మీద కూర్చున్నవాడు తప్పకుండా ఏదో ఒకటి ఆలోచిస్తాడు కాబట్టి బల్లలు పీకేశారు. చెట్లని పీకడానికి అటవీశాఖ ఒప్పుకోదు కనుక బాదం చెట్టుకి మొదలు నుంచి కొమ్మల దాకా తెల్లగుడ్డ చుట్టించారు. కమ్మీలకి కూడా తెల్లగుడ్డ కట్టించారు, రోడ్డు కనపడకుండా. ఆఖరికి రెండు వందల ఆరు రాళ్ళకీ సున్నం కొట్టించారు. కుంగిన రాయికీ కొట్టారు. ఏది మిట్టో ఏది పల్లమో కళ్ళున్నవాళ్ళకి కూడా తెలియనంత తెల్లగా తయారైంది దారి. ఆ వారం పడినవాళ్ళు ఆరుగురు. అంతకు ముందు నెలంతా కలిపి ఇద్దరే. ప్రజల్లో ఆలోచన పెరిగిపోతోందని కమిషనర్‌గారు ఆందోళన వెలిబుచ్చారు.

ఏడో మనిషి మాణిక్యమ్మ.

ఆ పొద్దున నేను ఆవిడ వెనక నాలుగడుగుల దూరంలో ఉన్నాను. మైకులు హోరెత్తిపోతున్నాయి. గుడ్డ అవతల ఏడుకొండలు ఎక్కడున్నాడో, ఏ స్టేజీ పిలుస్తున్నాడో నాకే వినపడలేదు. ఆవిడ తల కాస్త పక్కకి వంచి చెవి రిక్కించి నడుస్తోంది. నూట పన్నెండు దాటింది. నూట పదమూడు. నడుస్తున్నవారిలో ఆలోచన రేకెత్తించే మాట పర్యవేక్షకుడు పలకరాదని నిబంధనల్లో ఐదో అంశం. ఆ అంశం రాసినవాణ్ణి నేనే. నోరు మూసుకున్నాను. ఆవిడ పడింది.

కుడి మణికట్టు విరిగింది. నేనూ తోటమాలీ కలిసి లేపాం. పడినవారి దగ్గర అక్కడికక్కడే వాంగ్మూలం తీసుకోవాలి, లేకపోతే ఆలోచన మరిచిపోతారు. పడే సమయంలో ఏమి ఆలోచిస్తున్నారని అడిగాను. ఆవిడ నొప్పితో పళ్ళు బిగించి, అయినా అడిగినదానికి జవాబు చెప్పింది.

"ఆయన గొంతు ఎటుందా అని ఎతుక్కుంటన్నా."

అదే మాట "ఆలోచన వివరం" అన్న గడిలో రాశాను. పాసు రద్దయింది. ఏడుకొండలు గేటు తోసుకుని లోపలికి వచ్చేశాడు. ఆపడానికి నాకు చెయ్యి రాలేదు. ఆయన భార్యని ఆటో ఎక్కించి, వెనక్కి తిరిగి నా వంక చూశాడు. తిట్టలేదు.

"మీరు ఎనకాలే ఉన్నారుగదండీ" అన్నాడు.

నా సర్వీసులో మెమోలు చాలా తిన్నాను. ఏదీ అంత గట్టిగా తగల్లేదు. సిగ్గుతో ఆ పూట భోజనం సయించలేదని కూడా ఇక్కడ నమోదు చేస్తున్నాను.

మూడు వారాల తర్వాత ఆయన ఆఫీసుకి వచ్చాడు. మాణిక్యమ్మ మంచం దిగడం లేదట. చెయ్యి అతుక్కుంటోంది గానీ, నడక మానేసిన కాళ్ళు మళ్ళీ రావని, ఇంకో నెల ఇలాగే ఉంటే శాశ్వతంగా మంచానికే అంకితమవుతుందని డాక్టరు చెప్పాడట. ఇంటి ముందు వీధిలో నడిపిద్దామంటే మురుగుకాలవలు తవ్వి వదిలేశారు. అదీ మా ఆఫీసు పనే. దరఖాస్తు తీసుకుని రసీదు ఇచ్చాను. అంతకు మించి నా చేతిలో ఏమీ లేదు.

ఇలా ఉండగా మా పురపాలక సంఘం "పతన రహిత పట్టణ పురస్కారం" పోటీకి ఎంపికైంది. ముగ్గురు సభ్యుల తనిఖీ బృందం వస్తోందన్నారు. కమిషనర్‌గారికి అరవై ఒకటి. ఆలోచన రహిత నడకని తానే స్వయంగా ప్రదర్శిస్తానని ప్రకటించారు. ఏర్పాట్లు ఘనంగా జరిగాయి. సున్నం రాళ్ళ మీద తెల్ల తివాచీ కూడా పరిచారు. గుంట మీద కూడా పరిచారు, బిగువుగా, గుంట ఉన్నట్టే తెలియకుండా. అది కనపడకపోతే దాన్ని గురించి ఎవరూ ఆలోచించరని ఇంజనీరుగారి వాదం.

కమిషనర్‌గారు గుండెల నిండా గాలి పీల్చి, ఎదురుగా శూన్యంలోకి చూస్తూ బయల్దేరారు. నుదుటి మీద ఒక్క గీత లేదు. నా రిజిస్టరులో అంత నిర్మలమైన నుదురు అంతకు ముందు నమోదు కాలేదు. నూట పద్నాలుగో రాయి మీద ఆయన కాలు తివాచీతో సహా లోపలికి దిగిపోయింది. మిగతా మనిషి ముందుకి వెళ్ళారు.

లేపి కుర్చీలో కూర్చోబెట్టాక బృందం నాయకురాలు, నెరిసిన జుట్టు పెద్దావిడ, మీ నిబంధనల ప్రకారమే వాంగ్మూలం తీసుకోమని నాతో అన్నారు. నేను పెన్ను మూత తీశాను. పడే సమయంలో ఏమి ఆలోచిస్తున్నారని కమిషనర్‌గారిని అడిగాను.

ఆలోచించానంటే పాసు రద్దు, పురస్కారం రద్దు. ఆలోచించలేదంటే పథకమే రద్దు. మోకాలు రుద్దుకుంటూ అటూ ఇటూ చూశారు. చివరికి ప్రతిష్ఠే గెలిచింది.

"ఈ పార్కు విషయమై నేను మొదటినుంచీ ఎట్టి ఆలోచనా చేసి ఉండలేదని ఇందుమూలముగా ధ్రువీకరిస్తున్నాను" అన్నారు.

రాసుకున్నాను. నాయకురాలు రిజిస్టరు అందుకుని చూశారు. కమిషనర్‌గారి పేరున్న పేజీలోనే, కొన్ని వరసల పైన మాణిక్యమ్మ పేరు ఉంది. ఆ గడిలో ఉన్నది చదివి ఈవిడ ఎవరని అడిగారు. మొగుడు మాట్లాడుతూ ముందు నడిచినన్నాళ్ళు ఆరేళ్ళలో ఒక్కసారీ పడని మనిషి అని చెప్పాను. మొగుడు ఇప్పుడెక్కడ అన్నారు. ఆలోచనకి బానిస కావడంచేత బయట ఉంచామని చెప్పాను. కమిషనర్‌గారు నా వంక చూసిన చూపుకి అర్థం నాకు ముప్ఫై ఐదేళ్ళుగా తెలుసు. అయినా ఆ పూట భయం వేయలేదు.

బృందం నివేదిక పది రోజుల్లో వచ్చింది. ఆలోచించకపోవడమే పతనానికి ప్రధాన కారణమని తేల్చింది. పాపం, ఆవిడ ఉద్దేశం మంచిదే. కానీ నివేదిక మా ఆఫీసుకి చేరాక మా ఆఫీసు పద్ధతిలోనే అమలవుతుంది. పాత బోర్డు మీదే రంగు వేసి కొత్తది రాయించారు. అరువది నిండిన ప్రతివారూ నడచునపుడు విధిగా ఆలోచించవలెను. అంశం గేటు దగ్గర చీటీ మీద ఇస్తారు. "పట్టణ పారిశుధ్యం", "పొదుపు ఆవశ్యకత", "మంచినీటి మీటర్ల ప్రయోజనాలు". మైకులు ఇప్పుడు "ఆలోచించండి, ఆలోచించండి" అంటున్నాయి. మంచినీటి మీటర్ల చీటీ వచ్చిన రెవెన్యూ ఉద్యోగులు నలుగురు మొదటి రోజే పడ్డారు. రాయి అలాగే ఉంది.

ఒక్క మేలు మాత్రం జరిగింది. "అభ్యర్థి ఆలోచనకు బానిస" అన్న పాత రాత కొత్త నిబంధన కింద అత్యున్నత అర్హత అయింది. ఏడుకొండలుకి శాశ్వత పాసు టైపు చేయించి, దానికి భార్య పేరు కూడా జతచేసి, సంతకానికి వెళ్ళే కట్టలో మధ్యలో పెట్టాను. మధ్యలో ఉన్న కాగితాన్ని ఏ కమిషనరూ చదవడు. ఆ సాయంత్రమే నేనే వెళ్ళి ఇంటి దగ్గర ఇచ్చి వచ్చాను.

నా రిటైర్మెంటు ఫాల్గుణంలో. చార్జి అప్పగించడానికి సొరుగులు ఖాళీ చేస్తుంటే ఆ సర్క్యులర్ అసలు ప్రతి దొరికింది. తిరగేసి చూశాను. వెనకవైపు కూడా అచ్చు ఉంది. జిరాక్సు తీసింది నేను. ఒకవైపే తీశాను.

"…నిలబెడతాయి" అని మొదలైంది వెనకవైపు. "కాబట్టి నేల సమంగా ఉంచండి. ఎత్తుపల్లాల అంచులు కనపడేలా వేరే రంగు వేయండి. అలసినవారికి బల్లలు వేయండి. అలవాటైన మనిషి తోడుండి మాట్లాడుతూ నడిపిస్తుంటే అడ్డుపడకండి."

నిలబడే చదివాను. తప్పు నాదేనని రాసి, అసలు ప్రతిని జతపరిచి పైకి పంపాను. సాయంత్రానికి తిరిగి వచ్చింది. "రెండవ వైపు ఈ కార్యాలయమందు ఇన్‌వార్డు కాలేదు. కావున పరిగణించుటకు వీలులేదు" అని ఆకుపచ్చ సిరా.

దండ వేసి పంపించేశారు. మర్నాడు పొద్దున మామూలు మనిషిగా పార్కుకి వెళ్ళాను. నా స్థానంలోకి వచ్చిన కొత్తాయన గేటు దగ్గర నాకు "పట్టణ పారిశుధ్యం" చీటీ ఇచ్చాడు. దాన్ని గురించి ఆలోచించబోయాను గానీ కుదరలేదు. బాదం చెట్టు దాటేసరికి నా అడుగులు నాకే పరాయివి అయిపోయాయి. రిజిస్టరు చేతిలో లేకుండా, ముందు ఎవరూ లేకుండా నడవడం నాకు అలవాటు లేదు.

అప్పుడు వెనకనుంచి ఏడుకొండలు గొంతు వినిపించింది. ఆయన భుజం మీద మాణిక్యమ్మ చెయ్యి ఉంది. ఆవిడ భుజం మీద ఇంకొకరిది. అలా ఒకరి వెనక ఒకరు తొమ్మిది మంది ఉన్నారు, మాగాయ ముసలమ్మతో సహా, చీటీలు జేబుల్లో, కొంగుల్లో పడేసుకుని. మైకుల కింద ఆయన పెద్దగా అరవడం లేదు. ఆయన పిలిచింది ఆవిడ వెనక్కి చెబుతుంది, ఆ వెనకవాళ్ళు ఇంకా వెనక్కి. కుళాయి స్టేజీ, తడి. నా పక్కనుంచే వెళ్ళారు. నన్ను ఎవరూ పిలవలేదు. నేనే వెళ్ళి చివరి మనిషి భుజం మీద చెయ్యి వేశాను.

"ఓల్డాన్" అన్నాడు ఏడుకొండలు. వరస ఆగింది. తిరిగి చూసి, "ఎవరో ఎక్కారు" అన్నాడు భార్యతో.

మాణిక్యమ్మ తల కాస్త పక్కకి వంచింది. అది నాకు తెలిసిన వంపే.

"ఆ రాసుకునేటాయనే" అంది. "కుడికాలు ఈడస్తన్నాడు. ఇయ్యాళ మరీ తూలతన్నాడు. గుంట దగ్గర కాస్త నిదానంగా పోనీ."

"రైట్" అన్నాడు ఏడుకొండలు. నూట పదమూడో రాయి దగ్గర అందరం ఆగి, ఒక్కొక్కళ్ళమే దిగాం.